అరగని జింక్ దిమ్మ: ఒక బోటు ప్రొపెల్లర్ విరిగిన కేసు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేట నిషేధం రోజులంటే మాలాంటి వాళ్ళకి చేతినిండా పని. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు కాబట్టి, ఏడాదంతా వాయిదా వేసుకుంటూ వచ్చిన రిపేర్లన్నీ అప్పుడే మొదలవుతాయి. నేను మెటలర్జీ చదివాను, ఆటోనగర్‌లో చిన్న టెస్టింగ్ ల్యాబ్ ఉంది. ఎక్కువగా ఫ్యాక్టరీల వెల్డింగ్ శాంపిళ్ళు, పోత ముక్కలు వస్తుంటాయి, బోట్ల పని అప్పుడప్పుడే. ఈ కేసు అలా ఒక నిషేధ కాలంలో వచ్చింది. నేను మొదట రెండు రోజులు తప్పు దారిలో వెతికిన సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే వేరేవాళ్ళు కూడా మొదట అక్కడే వెతుకుతారు.

బోటు ఓనర్‌కి అరవై దాటి ఉంటాయి. జాలారిపేట మనిషి, చిన్నప్పటి నుంచి సముద్రం మీదే బతుకు. గోనెసంచిలో రెండు ఇత్తడి ముక్కలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "ఫౌండ్రీ వాడు ముంచేశాడు బాబూ, తుక్కు కలిపి పోసేశాడు. నువ్వు రాసిచ్చావంటే వాడి దగ్గరికెళ్ళి అడుగుతాను" అన్నాడు. ప్రొపెల్లర్ కొత్తది, వేసి పద్నాలుగు నెలలు. చివరి ట్రిప్పులో తిరిగొస్తుండగా ఒక్కసారిగా బోటంతా వణకడం మొదలైందట, డ్రైవర్ ఇంజన్ తగ్గించి ఎలాగో హార్బర్‌కి చేర్చాడట. పైకి లాగి చూస్తే ఒక రెక్క చివర అరచేయంత ముక్క లేదు, పక్క రెక్క అంచులో పగులు.

విరిగిన చోట చూస్తే సగం జవాబు అక్కడే ఉంది. మంచి ఇత్తడి విరిగితే లోపలంతా ఒకే పసుపు రంగులో మెరుస్తుంది. ఇక్కడ మధ్యలో మాత్రమే పసుపు, దాని చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన గులాబీ ఎరుపు, చింతపండు పెట్టి తోమిన రాగి చెంబు ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే. ఆ ఎర్రటి భాగం మీద గోరు గట్టిగా నొక్కి లాగితే చిన్న చిన్న రేణువులు రాలాయి. మరుసటి రోజు హార్బర్‌కి వెళ్ళి షాఫ్ట్‌కి (ఇంజన్ నుంచి వచ్చి ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ) ఉన్న మిగతా ప్రొపెల్లర్‌ని చిన్న సుత్తితో కొట్టి చూశాను. బాగున్న ప్రొపెల్లర్ గంటలా కాసేపు మోగాలి. ఇది పగిలిన కుండలా టప్‌మని ఆగిపోయింది. ఓనర్‌ని కూడా కొట్టమన్నాను, పక్క బోటు ప్రొపెల్లర్ మీద కూడా కొట్టించాను. తేడా ఆయనకే తెలిసింది.

దీన్ని డీజింకిఫికేషన్ అంటారు. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన మిశ్రమం. జింక్ 15 శాతం దాటిన ఇత్తళ్ళకి ఉప్పునీటిలో ఈ జబ్బు పట్టే అవకాశం ఉంది. జింక్ నీటిలోకి వెళ్ళిపోతుంది, రాగి స్పాంజిలాగా అక్కడే మిగిలిపోతుంది. ఆకారం మారదు, కొలత మారదు, క్యాలిపర్ పెట్టి కొలిస్తే రెక్క మందం కూడా తగ్గినట్టు కనిపించదు. పోయేది బలం ఒక్కటే, అందుకే విరిగేదాకా ఎవరికీ అనుమానం రాదు.

ఫౌండ్రీ సంగతి తేలాలి కాబట్టి ఆ మధ్య పసుపు భాగం నుంచి ముక్క కోసి, ఏ లోహం ఎంత శాతం ఉందో చూపించే స్పెక్ట్రోమీటర్‌లో పెట్టాను. రాగి 58, జింక్ 38 శాతం చిల్లర, మిగతాది మాంగనీస్, ఇనుము, అల్యూమినియం, కొంచెం సీసం. చిన్న బోట్ల ప్రొపెల్లర్లకి ఎప్పటి నుంచో వాడుతున్న మిశ్రమమే, తుక్కు కలిపిన ఆనవాళ్ళేమీ లేవు. దీన్ని మార్కెట్‌లో మాంగనీస్ బ్రాంజ్ అంటారు, ఆ పేరు విని చాలామంది కంచు అనుకుంటారు. కంచు అంటే రాగిలో తగరం కలిసినది. ఇది మాంగనీస్ కలిపి గట్టిపరిచిన ఇత్తడి, అంతే. బిల్లులో బ్రాంజ్ అని రాసి ఉంటే జింక్ ఉండదనుకోకండి. ముక్కని పాలిష్ చేసి లోపలి నిర్మాణం కనబడేలా ఫెర్రిక్ క్లోరైడ్‌తో పైపైన కరిగించి మైక్రోస్కోప్ కింద చూశాను. ఈ ఇత్తడిలో రెండు రకాల రేణువులుంటాయి; జింక్ ఎక్కువుండే బీటా దశ ముందు తినేయబడి, జింక్ తక్కువుండే ఆల్ఫా దశ దీవుల్లా మిగిలి కనిపించింది. ఫౌండ్రీ తప్పు లేదని ఓనర్‌తో చెప్పాను. ఆయన మొహంలో నమ్మకం కనబడలేదు. అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనది: "మరి పాతది పదకొండేళ్ళు ఎలా ఆడింది బాబూ? అదీ ఇదే ఇత్తడి, ఇదే ఫౌండ్రీ."

ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నేను మొదట కరెంటు లీకేజీ అనుకున్నాను. బోటులో 24 వోల్టుల బ్యాటరీలు, లైట్లు, వైర్‌లెస్ సెట్టు, అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు ఉన్నాయి. ఎక్కడైనా పాజిటివ్ తీగ తడిసి నీటిలోకి కరెంటు వదిలితే లోహం నెలల్లోనే తినేయబడుతుంది. రెండు రోజులు ఒక్కో సర్క్యూట్ విప్పి ఇన్సులేషన్ చూశాం, పంపు దగ్గర ఒక జాయింట్ పాడై ఉంది కానీ అది ఇంత నష్టం చేసేది కాదు. పైగా లీకేజీ అయితే ఇనప చుక్కాని మీద కూడా లోతైన గుంటలు పడాలి, అది మామూలు తుప్పుతో బాగానే ఉంది. అప్పుడు వదిలేసి, మొదటే అడగాల్సిన ప్రశ్న అడిగాను: ప్రొపెల్లర్ మార్చినప్పుడు ఇంకేం మార్చారు?

షాఫ్ట్ మార్చారు. అంతకుముందు మామూలు ఇనప షాఫ్ట్ ఉండేది, రెండు మూడేళ్ళకోసారి తుప్పు పట్టి, బోటులోకి నీళ్ళు రాకుండా షాఫ్ట్ చుట్టూ బిగించే గ్లాండ్ దగ్గర అరిగిపోయి మార్చాల్సి వచ్చేది. విసిగిపోయి, ఖర్చయినా పర్వాలేదని స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్ట్ వేయించాడు. ఎస్.ఎస్. 304, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండేది. ఎవరైనా మెచ్చుకునే పనే చేశాడు.

కానీ ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అక్కడ ఒక బ్యాటరీ తయారైనట్టే. ఏది బలి అవుతుంది, ఏది నిలబడుతుంది అన్నది వాటి వోల్టేజీ చెబుతుంది. పోల్చి చూడటానికి వాడే సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో సముద్రపు నీటిలో కొలిస్తే మామూలు ఉక్కు సుమారు మైనస్ 0.6 వోల్టులు, ఇత్తడి మైనస్ 0.3 దరిదాపుల్లో, మీద ఉండే పల్చటి క్రోమియం పొర చెక్కుచెదరని స్టెయిన్‌లెస్ స్టీల్ సున్నాకి దగ్గర్లో చూపిస్తాయి. ఎక్కువ మైనస్ ఉన్నది కరుగుతుంది, తక్కువ మైనస్ ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇప్పుడు పాత బోటుని ఊహించుకోండి: ఇనప షాఫ్ట్ మైనస్ 0.6, ఇత్తడి ప్రొపెల్లర్ మైనస్ 0.3. అంటే పదకొండేళ్ళ పాటు ఆ ఇనప షాఫ్ట్ తాను తుప్పు పట్టి ప్రొపెల్లర్‌ని బతికించింది. ఓనర్ ఏ తుప్పు చూసి విసుక్కున్నాడో, ఆ తుప్పే ఇత్తడికి కాపలా కాసింది. షాఫ్ట్ స్టెయిన్‌లెస్ అయ్యేసరికి వరస తలకిందులైంది, ఇప్పుడు జతలో బలహీనమైనది ఇత్తడే. బలి కావాల్సిన వంతు దానికొచ్చింది.

ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కసారిగా, "మరి జింక్ దిమ్మ ఉంది కదా బాబూ, అది చూడు, ఇంకా కొత్తదానిలాగే ఉంది, మంచి సరుకు" అని బోటు వెనక వైపుకి తీసుకెళ్ళాడు.

అక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. బోటు అడుగున, ప్రొపెల్లర్‌కి కొంచెం ముందు, బోల్టులతో బిగించిన జింక్ దిమ్మ ఉంది, ప్రొపెల్లర్ మార్చినప్పుడే కొత్తగా వేసింది. అంచులు పదునుగా ఉన్నాయి, పోత పోసినప్పుడు అచ్చులో పడిన గీతలు కూడా చెరిగిపోలేదు. విప్పి తూచాం: వేసినప్పుడు 3.2 కిలోలని బిల్లులో ఉంది, ఇప్పుడు 3.1. సముద్రపు నీటిలో జింక్ మైనస్ 1.03 వోల్టులు చూపించాలి, ఉక్కు, ఇత్తడి, స్టెయిన్‌లెస్ అన్నిటికంటే ముందు అదే కరగాలి. దాని ఉద్యోగమే అది. పద్నాలుగు నెలలు నీటిలో ఉండి వంద గ్రాములే తగ్గిందంటే, అది పని చేయకుండా ఊరికే వేలాడుతోందన్నమాట. హార్బర్‌లో చాలామంది అరగని జింక్‌ని మంచి జింక్ అనుకుంటున్నారు. టైరు, చెప్పు, బ్రేకు గుడ్డ విషయంలో అరగకపోతే నాణ్యత. ఇలా మిగతా లోహాల కోసం బలి కావడానికి బిగించే దిమ్మని జింక్ ఆనోడ్ అంటారు, దాని విషయంలో అది పూర్తిగా ఉల్టా.

ఎందుకు పని చేయలేదు? ముందు తీగ కనెక్షన్ చూశాను. చెక్క బోటు కాబట్టి దిమ్మ దానంతటది షాఫ్ట్‌కి కలవదు, బోల్టు నుంచి లోపలికి రాగి తీగ, అక్కడి నుంచి గేర్‌బాక్స్, దాని నుంచి షాఫ్ట్. మీటర్ పెట్టి చూస్తే, బోటు ఆగి ఉన్నప్పుడు మొదటి నుంచి చివరి దాకా రెసిస్టెన్స్ దాదాపు సున్నా. పెయింట్ కూడా పూయలేదు. చాలా బోట్లలో పెయింటర్లు దిమ్మ మీద కూడా ఒక కోటు వేసేస్తారు, దాంతో దాని పని అక్కడితో సరి. ఇక్కడ అదీ లేదు.

మిగిలింది జింకే. యారాడ బీచ్ నుంచి రెండు బిందెల నీళ్ళు తెప్పించాను, హార్బర్ నీటిలో డీజిల్, చేపల కుళ్ళు ఉంటాయి కాబట్టి పరీక్షకి అది వద్దనుకున్నాను. రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకుని, ఒకదానిలో ఈ దిమ్మ నుంచి కోసిన ముక్క, రెండోదానిలో ల్యాబ్‌లో ఉన్న స్వచ్ఛమైన ఆనోడ్ జింక్ ముక్క, రెండిటికీ ఒకే సైజు ఇత్తడి పలకలు జోడించి, మధ్యలో మిల్లీ అమ్మీటర్ పెట్టాను. మొదటి గంటలో రెండూ ఒకేలా ఉన్నాయి, కొత్తగా కోసిన ముఖం కాబట్టి దిమ్మ ముక్క కూడా మైనస్ 1.01 చూపించింది. మూడో రోజుకి దాని కరెంటు సగానికి పడిపోయింది. పదో రోజుకి వోల్టేజీ మైనస్ 0.8 దగ్గరికి వచ్చేసింది, కరెంటు దాదాపు లేదు. మంచి జింక్ మాత్రం మైనస్ 1.03 దగ్గరే నిలబడి, పైన తెల్లగా సున్నంలాంటి పొడి పట్టింది, వేలితో రుద్దితే రాలిపోయి కింద కొత్త లోహం బయటపడుతోంది. దిమ్మ ముక్క మీద ముదురు బూడిద రంగు పొర, గోటితో గీకినా రాలేదు. ఆ గట్టి పొర కిందే దాని జింకంతా బందీ అయిపోయింది.

స్పెక్ట్రోమీటర్‌లో పెడితే ఇనుము 0.06 శాతం వచ్చింది. వినడానికి ఇది ఏమీ కాదు, కిలోకి అర గ్రాము చిల్లర. కానీ అమెరికన్ నేవీ స్పెసిఫికేషన్ ప్రకారం జింక్ ఆనోడ్‌లో ఇనుము 0.005 శాతం మించకూడదు, అంటే ఇక్కడ పన్నెండు రెట్లు ఉంది. జింక్‌లో ఇనుము సరిగ్గా కరిగి కలిసిపోదు, రెండూ కలిసిన చిన్న చిన్న గట్టి రేణువులుగా విడిపోతుంది. ఆ రేణువుల వల్ల జింక్ పైన పేరుకునే పొర దట్టంగా, అతుక్కుని తయారవుతుంది. అదే స్పెసిఫికేషన్‌లో అల్యూమినియం 0.1 నుంచి 0.5 శాతం, కాడ్మియం 0.025 నుంచి 0.07 శాతం కావాలని కలుపుతారు. అల్యూమినియం ఆ ఇనుముని పట్టుకుని దాని చెడు తగ్గిస్తుంది, కాడ్మియం పైన పొర మెత్తగా రాలిపోయేలా చూస్తుంది. మన దిమ్మలో అల్యూమినియం కొంచెం ఉంది, కాడ్మియం లేదు. ఒక లోహం పనికొస్తుందా రాదా అన్నది మూడో దశాంశ స్థానం నిర్ణయించే సందర్భాలు మా వృత్తిలో తక్కువేమీ కాదు, అయినా ప్రతిసారీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ ఇనుము ఎక్కడి నుంచి వచ్చిందో చూడటానికి దిమ్మ పోసిన చోటికి వెళ్ళాను. చిన్న షెడ్డు. పాత ఆనోడ్ల మిగులు, కార్బురేటర్ తుక్కు, జి.ఐ. పూత (తుప్పు పట్టకుండా ఇనుము మీద వేసే జింక్ పూత) తొట్టెల్లో మిగిలే చెత్త అన్నీ కలిపి ఇనప మూకుడులో కరిగిస్తున్నారు. ఆ చెత్తలోనే బోలెడు ఇనుము ఉంటుంది. పాత ఆనోడ్ల లోపల ఇనప పట్టీ కూడా ఉంటుంది, అది తీయకుండానే వేసేస్తున్నారు. అన్నిటికంటే ముఖ్యం ఆ మూకుడు. జింక్ సుమారు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగిన జింక్ ఇనుముని తినేస్తుంది. జి.ఐ. పూత వేసే తొట్టెలు అందుకే 450 డిగ్రీల చుట్టుపక్కల నడుపుతారు, 480 దాటిస్తే తొట్టె గోడే వేగంగా తరిగిపోతుంది. 450 దగ్గర కూడా కరిగిన జింక్ సుమారు 0.03 శాతం ఇనుముని తనలో కలుపుకోగలదు. అంటే ఎంత మంచి జింక్ తెచ్చి పోసినా, ఇనప మూకుడులో ఎక్కువసేపు ఉంచితే ఆనోడ్‌కి పనికిరాదు. షెడ్డు అతను మోసగాడు కాదు, పొయ్యి దగ్గర ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న పనివాడు. దిమ్మ చూడటానికి బాగుంటే చాలని అందరూ చెప్పారు, అతను బాగా కనిపించే దిమ్మలే పోశాడు. 1977 నుంచి 2012 దాకా ఖనిజం నుంచి జింక్ తీసే స్మెల్టర్ నడిచిన ఊరు మనది, జింక్ అంటే తెలియని ఊరు కాదు. ఆనోడ్ జింక్ వేరు, పూత జింక్ వేరు, తుక్కు జింక్ వేరు అన్న సంగతి మాత్రం హార్బర్ దాకా చేరలేదు, అది నన్ను నిజంగా బాధపెట్టింది.

ఇక సరిచేయడం. పాత ప్రొపెల్లర్‌కి వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అని అడిగాడు. స్పాంజిలా అయిపోయిన రాగి మీద వెల్డింగ్ నిలవదు, ఎర్రబడిన భాగం మొత్తం కోసేస్తే రెక్కే మిగలదు. కొత్తది నికెల్ అల్యూమినియం బ్రాంజ్‌తో వేయించమన్నాను: రాగి 80 శాతం చుట్టూ, అల్యూమినియం 9, 10, నికెల్, ఇనుము నాలుగైదు శాతం చొప్పున. ఇందులో పోయేటంత జింకే ఉండదు, పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర కాపాడుతుంది. ధర ఎక్కువ. ఆయన రెండు రోజులు ఆలోచించి, ఫౌండ్రీ అతనితో మాట్లాడి, సరేనన్నాడు. ఫౌండ్రీ మీద కోపం అప్పటికి పోయింది.

షాఫ్ట్ మాత్రం మార్చలేదు. కానీ దాన్ని పట్టి ఉంచే రబ్బరు బుష్ కింద, నీళ్ళు కదలకుండా నిలిచే చోట, చిన్న చిన్న గుంటలు మొదలయ్యాయి. క్రోమియం పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి, ఆ సందులో అది అందదు. 316 రకం అయితే 2, 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఇంకొంచెం తట్టుకుంటుంది. వచ్చేసారి అదే వేయించమన్నాను.

జింక్ లెక్క ఆయన ముందే కాగితం మీద వేశాను. జింక్ ఒక కిలోకి సుమారు 780 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. షాఫ్ట్, ప్రొపెల్లర్, చుక్కాని కలిపి సగటున 0.2 ఆంపియర్లు కావాలనుకుంటే, ఏడాదికి 8,760 గంటలు, 1,752 ఆంపియర్ అవర్లు, అంటే రెండుంపావు కిలోల జింక్. దిమ్మ పూర్తిగా అరిగేదాకా వాడలేం, 80, 85 శాతం వాడుకుని మార్చేయాలి కాబట్టి మూడు కిలోలు కావాలి. "అయితే ఆరేడు దిమ్మలు కొట్టేద్దాం బాబూ, మళ్ళీ ఈ బాధ ఉండదు" అన్నాడు. చెక్క బోటుకి అది మంచిది కాదు. జింక్ కాపాడే లోహం దగ్గర నీరు క్షారంగా మారుతుంది, అవసరానికి మించి జింక్ వేస్తే ఆ క్షారం బోల్టుల చుట్టూ చెక్కని మెత్తబరిచి పీచులా చేసేస్తుంది. ఇలా ఎక్కువ కాపాడి ఇబ్బంది తెచ్చుకోవడం కొత్తేమీ కాదు. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నేవీ ఓడల రాగి రేకులకి ఇనుము, జింక్ ముక్కలు బిగించి రాగి కరగకుండా ఆపగలిగాడు. కానీ రాగి కరగడం ఆగేసరికి దాని విషం నీటిలోకి రావడం కూడా ఆగింది, రేకుల మీద గుల్లలు, నాచు విపరీతంగా పెరిగి ఓడలు నెమ్మదించాయి.

అందుకని షాఫ్ట్ మీదే రెండు ముక్కలుగా బిగించే గుండ్రటి జింక్ పట్టీ ఒకటి, చుక్కానికి విడిగా చిన్న దిమ్మ ఒకటి, పాత చోట మధ్యస్థం సైజుది ఒకటి, మొత్తం మూడు కిలోలు వేశాం. పట్టీ నేరుగా షాఫ్ట్‌కి తగిలి ఉంటుంది కాబట్టి, షాఫ్ట్ తిరిగేటప్పుడు గేర్‌బాక్స్‌లో ఆయిల్ పొర అడ్డొచ్చినా ఇబ్బంది లేదు. బిగించే చోట షాఫ్ట్‌ని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దించాను. పెయింటర్‌కి ఓనరే దగ్గరుండి, జింక్ మీద ఒక్క చుక్క పడినా ఊరుకోనని చెప్పాడు.

బోటు నీటిలోకి దిగిన వారానికి ఎలక్ట్రోడ్‌ని బోటు పక్కనుంచి నీటిలోకి వేలాడదీసి, ఇంజన్ గదిలో షాఫ్ట్‌కి మీటర్ తీగ ఆనించి కొలిచాను, మైనస్ 0.86. ఇత్తడికైనా, బ్రాంజ్‌కైనా, స్టెయిన్‌లెస్‌కైనా చాలినంత రక్షణ.

నాలుగు నెలల తర్వాత ఓనర్ ఫోన్ చేశాడు, గొంతులో కంగారు. కళాసీ ఎవరో నీటిలో మునిగి చూసొచ్చాడట, జింకంతా గుంటలు పడిపోయి తెల్లగా పేలిపోయినట్టుందట. "ఇదీ నకిలీ సరుకేనా బాబూ?" అని అడిగాడు. అది అలాగే ఉండాలి బాబాయ్, అది అరుగుతోందంటే మీ ప్రొపెల్లర్ బాగున్నట్టే అన్నాను. వచ్చే నిషేధంలో పైకి లాగినప్పుడు తూద్దామని చెప్పాను.

తూచాం. షాఫ్ట్ పట్టీ సగానికి కొంచెం తక్కువే మిగిలింది, అడుగు దిమ్మ లెక్క ప్రకారమే అరిగింది. ప్రొపెల్లర్‌ని ఆయనే సుత్తితో కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. మూకుడు షెడ్డు అతను ఇప్పుడు జింక్ కరిగించడానికి ఇనప మూకుడు బదులు గ్రాఫైట్ మూస వాడుతున్నాడు, తుక్కు మానేసి 99.995 శాతం జింక్ కడ్డీలు కొంటున్నాడు. ఆ గ్రేడ్‌లో ఇనుము 0.002 శాతం మించదు. ప్రతి పోతకీ ఒక ముక్క నా దగ్గరికి పంపిస్తున్నాడు, మొన్నటి ముక్కలో ఇనుము 0.003 వచ్చింది. చుక్కాని దిమ్మ మాత్రం నేను వేసిన అంచనా కంటే తొందరగా అరిగింది, చుక్కాని మీద పెయింట్ ఊడిపోయి ఎక్కువ ఉక్కు బయటపడటం వల్ల అనుకుంటున్నాను. ఈసారి పెయింట్ సరిచేయించి అదే సైజు దిమ్మ వేశాం, ఆ లెక్క వచ్చే ఏప్రిల్‌లో తేలుతుంది.